నాలుగు ఎనిమిదులు

మోడెం మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.
ఒళ్ళు మండింది అందుకే.
ఆరిపోతే ఆరిపోయిందనుకుంటాం,
వెలుగుతూ పని చెయ్యనిదాన్ని ఏమనాలి?

బయట జలసంధి మీంచి వచ్చే గాలి
పుంటా అరేనాస్ రేకుల కప్పుల్ని
ఒక్కొక్కటే తట్టి చూస్తోంది, ఏది ఊడుతుందా అని.
ఇంటావిడ సునిల్దా వుకాసోవిచ్
శాలువా కప్పుకుని మెట్ల కింద నిలబడి
"ఒసియెల్, నా ఓడలు రావట్లేదు" అంది.

రోజూ రాత్రి ఎనిమిదికి ఆవిడ ఓడలు చూస్తుంది.
కిటికీలోంచి కాదు, కిటికీ నిండా పక్కింటి గోడే.
తెర మీద, నీలంలో పాకే చిన్న త్రికోణాలు.
ఏ జెండా, ఎటు పోతోంది, ఎంత బరువు.
వాటితో ఆవిడకి పనేం లేదు.
నాకుంది పని.
డీజిల్ ఇంజన్ల మీద రాసిన పన్నెండు పేజీలు
అర్ధరాత్రిలోగా కాలేజీకి చేరాలి.

తీగ పీకాను. ముప్పై లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను.
కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు.
చివరికి నల్ల తెర తెరిచి
ఒక సైటుని పేరు పెట్టి పిలిచాను, పలకలేదు.
దాన్నే నంబరుతో పిలిచాను.
పలికింది,
ఇంతసేపూ గుమ్మంలోనే కూర్చున్నట్టు.

"దారి బాగానే ఉంది దోన్యా సునిల్దా,
పేరు చెబితే నంబరు చెప్పేవాళ్ళే లేరు."

"అయితే ఎక్స్ఛేంజిలో పిల్ల నిద్రపోయింది" అని నవ్వింది.

రెండేళ్ళుగా అద్దెకుంటున్నా
ఆ పిల్ల ఆవిడేనని నాకప్పుడే తెలిసింది.
జలసంధి అవతల పొర్వెనిర్‌లో ఇరవై ఆరేళ్ళు,
చెవులకి హెడ్‌ఫోన్లు, రెండు చేతుల నిండా తీగలు.
డాక్టర్నివ్వమంటే డాక్టరు,
ఉన్ని గోదామంటే ఉన్ని గోదాము.
నంబరెవడడిగాడు? నంబర్లన్నీ ఆమె వేళ్ళలో ఉండేవి.
ఓసారి జ్వరంతో పడుకుంటే
సగం ఊరు మిగతా సగంతో మాట్లాడలేకపోయిందట.
కోతలే. కానీ ఆ వేళ్ళు చూస్తే నమ్మబుద్ధేసింది.

రౌటర్ని బోర్లించాం.
అడుగున చీటీ మీద పాస్‌వర్డు,
పిల్లి వెంట్రుకలు, ఎప్పటిదో జామ్ మరక.
భూతద్దం పెట్టి ఆవిడ చదివింది,
అక్షరం తర్వాత ఊపిరంత విరామం ఇస్తూ,
పాత కొలువు గొంతుతో.
ఒక్కటీ తప్పలేదు నేను.

సెట్టింగులు. నెట్‌వర్కు. ఎక్కడో అడుగున
డీఎన్ఎస్ అని రెండు గడులు,
కంపెనీవాడు ముందే నింపినవి.
చెరిపేశాను.
ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క
ఎనిమిది చుక్క ఎనిమిది.

"ఇది నంబరా, నత్తివాడి జవాబా? ఎవరింటిది?"
"పెద్ద కంపెనీది. ఊరికే ఇస్తారు."
"ఊరికేనా?"

శాలువా సర్దుకుంది.
"మాంసం కొట్టు సెవెరినో రాత్రి పదకొండుకి
ఎవరింటికి కలపమనేవాడో నాకు తెలుసు.
ఏ పెళ్ళి ఎన్నాళ్ళుంటుందో
పెళ్ళికూతురి కంటే ముందు తెలుసు.
మాటలు వినక్కర్లేదబ్బాయ్,
ఎవరు ఎవర్ని అడిగారన్నది చాలు.
ఇరవై ఆరేళ్ళు నోరు కుట్టుకున్నాను.
మరి నీ నాలుగెనిమిదులవాడి నోట్లో
నువ్వుగింజ నానుతుందా?"

సేవ్ మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఉండిపోయింది.
తెలీదన్నాను.
"పాతవాడి నోట్లో మాత్రం నానిందా?" అని తనే అడిగి,
తనే విసుక్కుని,
"నొక్కు, పదిన్నరైంది, నీ పాఠం" అంది.

దీపం ఆరింది, పసుపైంది, పచ్చబడింది.
మునుపటి పచ్చే.
ఓడలొచ్చాయి.
లైబీరియా జెండాది ఒకటి, గోరంత, పడమటికి.
ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచింది.

పన్నెండు పేజీలూ పోయాయి,
పదకొండూ యాభై రెండుకి.
పైకొచ్చి, మంచం మీద వాలి, అలవాటుగా
ఈ నెల అద్దెలో సగం మింగిన
ఆ పందేల సైటు పేరు కొట్టబోతే
మూడో అక్షరం దగ్గర వేలు ఆగింది.
కింద సునిల్దా దగ్గింది.
గాలి ఇంకో రేకు తట్టింది.

మిగతా అక్షరాలు కొట్టాను.
వెంటనే పలికింది.